కుక్కల హాస్టల్‌లో ఒక మంచి రిజిస్టరు

తిరుపతి నుంచి చంద్రగిరి వైపు వెళ్ళే దారిలో, ఊరి సందడి తగ్గాక, మామిడితోట పక్కన ఒకాయన తన ఇంటి వెనక కుక్కల హాస్టల్ నడుపుతున్నారు. ఊరికి వెళ్ళాల్సి వస్తే మా టైగర్‌ను ఇప్పుడు అక్కడే వదులుతున్నాం. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో తర్వాత చెప్తాను. పేరు, ఫోన్ నంబరు రాయొద్దని ఆయనే అన్నారు. ఉన్నవి కొన్ని గదులే, ఇప్పుడున్న గిరాకీకే సంక్రాంతికి చోటు చాలడం లేదట. తిరుపతిలో కుక్కలు పెంచే నలుగురిని అడగండి, ఎవరో ఒకరు దారి చెప్తారు.

నాలుగు మార్కుల్లో సగం తిండికీ కాదు, గదులకూ కాదు. ఆయన దగ్గరున్న రిజిస్టరుకు.

నేను బైపాస్ రోడ్డులో మందుల షాపు నడుపుతాను. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు స్ట్రిప్ మీద పేరు, డోసు, ఎక్స్‌పైరీ చూడటమే నా పని. ఎవరైనా వచ్చి "ఆ తెల్ల మాత్ర ఇవ్వండి మేడమ్" అంటే ఒళ్ళు మండుతుంది. తెల్ల మాత్రలు షాపు నిండా ఉన్నాయి, ఏదని ఇచ్చేది? కుక్కను వదిలే చోట "బ్రౌన్ కుక్క" అన్న మాట వినపడినా నాకు అంతే మండుతుంది. దానికి కారణం ఉంది.

ఇంతకు ముందు టౌన్లోనే వేరే చోట వదిలేవాళ్ళం. ఏసీ గదులు, ఫోన్లో బుకింగ్, గోడ మీద పెద్ద పెద్ద కుక్కల బొమ్మలు, అన్నీ బాగానే ఉండేవి. ఒకసారి బెంగళూరులో పెళ్ళి చూసుకుని వచ్చి టైగర్‌ను తీసుకుందామని వెళ్తే అది లేచి నిలబడలేకపోతోంది. నడిస్తే వెనక కాళ్ళు తడబడుతున్నాయి, పిలిస్తే తల ఎత్తి మళ్ళీ వాలిపోతోంది. అడగ్గా అడగ్గా బయటపడింది. అదే వారం అక్కడ ఇంకో ఆడకుక్క ఉంది, దానికి ఫిట్స్. రోజుకు రెండు పూటలా ఫినోబార్బిటోన్ వేయాలని దాని యజమానులు స్ట్రిప్ ఇచ్చి వెళ్ళారు. చీటీలో "బ్రౌన్, ఆడ, మీడియం" అని ఉంది. మా టైగర్ చీటీలోనూ అక్షరం పొల్లు పోకుండా అదే ఉంది. మాత్ర మా దాని నోట్లో పడింది. "రెండూ బ్రౌనే గదా మేడమ్, కొత్త పిల్లోడు తెలీక ఏసేసినాడు" అన్నాడు కౌంటర్లో ఉన్న అబ్బాయి. ఆ మందు మత్తు, తూలుడు తెస్తుందని నాకు తెలుసు కాబట్టి కనీసం పక్షవాతమేమోనని కంగారు పడలేదు. డాక్టర్‌కి చూపించాం, నిద్రపోనివ్వమన్నారు, మర్నాటికి తేరుకుంది. నా టెన్షనంతా ఆ రెండో కుక్క గురించి. ఫిట్స్ మందు హఠాత్తుగా ఆగితే ఫిట్స్ మళ్ళీ ముంచుకొస్తాయి. దాని యజమానులకు చెప్పారో లేదో.

ఆ రెండో కుక్కను నేను చూశాను. చాక్లెట్ రంగు లాబ్రడార్ కలిసిన పిల్ల, ఒళ్ళంతా ఒకే రంగు. మా టైగర్ అడుగు రంగు శెనక్కాయ తొక్క రంగు, దాని మీద వీపు నుంచి పొట్ట వైపు దిగే నల్ల చారలు, ఛాతీ మీద తెల్ల మచ్చ, ముందరి కుడి కాలి వేళ్ళు తెలుపు. ఆ పేరు మావాడు పెట్టింది ఆ చారలు చూసే. ఆడకుక్కకు టైగర్ ఏమిటని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. ఈ రెండింటినీ ఒకే మాటతో రాసినవాళ్ళను ఏమనాలి?

కొత్త చోటికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన టైగర్ వ్యాక్సిన్ కార్డు తీసి చూసి, కళ్ళజోడు పైకెత్తి, "ఈ పిల్ల బ్రిండిల్ గదమ్మా, బ్రౌన్ అని రాసుండారే?" అన్నారు. 1955 నుంచి పశువైద్య కళాశాల, 2005 నుంచి ఏకంగా పశువైద్య విశ్వవిద్యాలయమే ఉన్న ఊరు మాది. ఇన్నాళ్ళూ ఆ కార్డు ఎంతమంది చేతుల్లో తిరిగినా ఆ రంగు గడి వైపు ఎవరూ చూడలేదు. సూది వేశారా, తేదీ రాశారా, అంతే.

తర్వాత ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. టైగర్‌ను వరండాలోంచి ఎండలోకి తీసుకొచ్చి పక్కన గొంతుక్కూర్చున్నారు. వేళ్ళతో వీపు మీద వెంట్రుకలు ఎదురుగా దువ్వి నాకు చూపించారు. నల్ల చార ఉన్నచోట వెంట్రుకలు నల్లగా ఉన్నాయి. దాన్ని ఆనుకుని ఉన్న పాయలో వెంట్రుకలు పసుపు కలిసిన గోధుమ రంగు. "ఇట్ట పాయలు పాయలుగా ఉంటే బ్రిండిల్. జర్మన్ షెపర్డ్‌లో చూసుంటారు, పసుపు వెంట్రుకకి కొస మాత్రం నల్లగా ఉంటుంది, చార కట్టదు. అది సేబుల్. దూరం నుంచి రెండూ ఒగటే మాదిరి కనపడతాయి, అందుకే చేత్తో చూడాల." ఆ తర్వాత రిజిస్టర్లో రంగు గడిలో బ్రిండిల్ అనీ, గుర్తుల గడిలో ఛాతీ, కాలి వేళ్ళ సంగతీ రాసి, ఎడమ పక్క ఒక ఫోటో, కుడి పక్క ఒక ఫోటో, ముందు నుంచి ఒకటి తీసుకున్నారు. రెండు పక్కలా ఎందుకంటే ఎడమ చారలూ కుడి చారలూ ఒకేలా ఉండవు. ఒకే ఈతలో పుట్టిన రెండు బ్రిండిల్ పిల్లలకు కూడా చారలు కలవవు. గుర్తుపట్టడానికి ఇంత సులువైన కుక్కను పట్టుకుని బ్రౌన్ అని వదిలేశారు ఇన్నాళ్ళూ.

బ్రిండిల్ అన్న మాట నాకు అంతకు ముందు తెలియదు, ఇంటికొచ్చాక కూర్చుని చదివాను. కుక్క వెంట్రుకల్లో రెండు రకాల రంగు పదార్థాలుంటాయి, ఒకటి నలుపు, ఇంకోటి పసుపు నుంచి ఎరుపు దాకా వెళ్ళేది. బ్రిండిల్ కుక్కలో ఈ రెండూ కలిసిపోకుండా పాయలుగా విడిపోతాయి. పసుపో ఎరుపో ఉన్న మేర మీద నలుపు చారలు కడుతుంది. చారలు పలుచగా ఉంటే కుక్క దూరానికి గోధుమ రంగులో కనిపిస్తుంది. దట్టంగా ఉంటే దాదాపు నల్లకుక్కే, ఎండలో నిలబెడితే తప్ప లోపలి ఎరుపు బయటపడదు. అలాంటిదాన్ని రివర్స్ బ్రిండిల్ అంటారు. పేరు చూసి రంగులు తారుమారయ్యాయనుకోకండి, నలుపు ఎక్కువైందనే అర్థం.

దీని వెనకున్న జన్యువు సంగతి 2007లో తేలింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కుక్కల్లో నల్ల రంగుకు కారణం వెతుకుతూ వెళ్తే, అది రోగనిరోధక శక్తికి పనికొచ్చే బీటా డిఫెన్సిన్ అనే ప్రోటీన్ల కుటుంబంలో దొరికింది. ఆ జన్యువుకు మూడు రూపాలు. ఒకటి ఒళ్ళంతా నలుపు చేసేది, ఒకటి బ్రిండిల్, ఒకటి మామూలుది. నలుపు బ్రిండిల్‌ను కప్పేస్తుంది, బ్రిండిల్ మామూలుదాన్ని కప్పేస్తుంది. ఇది చదివాక ఒక పాత అనుమానం తీరింది. టైగర్ తల్లి మా షాపు పక్క సందులో తిరిగే నల్లకుక్క, ఒక్క చార లేదు. దానికి ఈ చారల పిల్ల ఎలా పుట్టిందని వీధంతా నవ్వుకున్నారు. తండ్రి చారలదై ఉండొచ్చు, లేదా నల్ల తల్లి ఒంట్లోనే బ్రిండిల్ దాగి ఉండొచ్చు. నలుపు కింద ఎన్ని తరాలైనా అది కనపడకుండా నడిచిపోగలదు.

ఆయన ఇంత పట్టుగా ఉండటానికి కారణం పాత ఉద్యోగం. పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆవుల ఇన్సూరెన్సు కాగితాలు రాసీ రాసీ చెయ్యి తిరిగింది. ఆవుకు బీమా చేసేటప్పుడు జాతి, రంగు, కొమ్ముల తీరు, తోక కుచ్చు రంగు, చెవి పోగు నంబరు అన్నీ రాయాలి. ఆవు చచ్చిపోయాక కాగితంలో రంగొకటి, కళేబరం రంగొకటి అయితే రైతుకు పైసా రాదు. "చెవి పోగు ఊడిపోయినా, రంగు తప్పు రాసినా గోడు వినేవాడు లేడమ్మా" అంటారు. పసుపు పోగు మీద 12 అంకెల నంబరు వచ్చాక పని సులువైందట, అయినా రంగు గడి మాత్రం ఆయన వదలరు.

మా అమ్మగారిది పలమనేరు దగ్గర పల్లె కాబట్టి ఈ మాటలు నాకు కొత్త కాదు. మా తాతకు ఆవుల పేర్లే రంగులు. కర్రావు, మైలావు, బొల్లావు, పుల్లావు. చీకట్లో కూడా "మైలది ఇంకా రాలేదు చూడు" అనేవాడు. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతున్న పుంగనూరు ఆవులను చూడండి, నడుము ఎత్తుకు కూడా రావు, వాటిలో తెలుపు, బూడిద, లేత గోధుమ, ముదురు గోధుమ, ఎరుపు, ఇన్ని ఉన్నాయి. రైతు వాటన్నిటినీ "బ్రౌన్" అని ఒక్క మాటలో తేల్చడు. పల్లెలో ఇంత తెలిసినవాళ్ళం టౌన్‌కి వచ్చి కుక్కను కొనగానే రంగులన్నీ మర్చిపోతాం.

ఇంగ్లీషులో బ్రిండిల్ ఆవులకూ వాడతారు, గినీ పందులకూ వాడతారు. ఆఫ్రికాలో మందలు మందలుగా తిరిగే నల్లమూతి వైల్డ్‌బీస్ట్‌కు మెడ, భుజాల మీద ఉన్న ముదురు చారల వల్ల బ్రిండిల్డ్ నూ అని ఇంకో పేరు. గుర్రాల్లో ఈ చారలు చాలా అరుదు. పిల్లికి మాత్రం చారలుంటే ట్యాబీ అనే అంటారు. మా వీధిలో ఒకావిడ వాళ్ళ పిల్లి కూడా బ్రిండిలే అని నాతో వాదించింది, నేను మాట్లాడలేదు, ఆమె నా ఖాతా కస్టమరు.

జాతి కుక్కల్లో బాక్సర్‌కు, గ్రేట్ డేన్‌కు, గ్రేహౌండ్‌కు ఇది అధికారికంగా ఒప్పుకున్న రంగు. డచ్ షెపర్డ్ అయితే బ్రిండిల్ తప్ప ఇంకో రంగులో ఉండకూడదు. లాబ్రడార్‌కు మాత్రం ఒప్పుకున్నవి మూడే, నలుపు, పసుపు, చాక్లెట్. ఇది ఎందుకు చెప్తున్నానంటే, హాస్టల్లో ఒకరోజు ఒక కుర్రాడు చారల కుక్కను తెచ్చి, "రేర్ కలర్ లాబ్ అంకుల్, మామూలు దానికంటే రెట్టింపు పెట్టి కొన్నా" అన్నాడు. ఆయన ఆ కుర్రాడి మొహం చూసి ఏమీ అనలేదు. జాతి గడిలో "లాబ్రడార్ కలిసినది" అని రాసి, రంగు గడిలో బ్రిండిల్ అని రాసి, పుస్తకం తిప్పి చదవమని అతని ముందు పెట్టారు. కుర్రాడు చదివాడు, సంతకం పెట్టాడు. కుక్క మాత్రం బంగారంలా ఉంది, డబ్బు పోయినా దాని తప్పేం లేదు. మన వీధుల్లో ఊరికే దొరికే రంగుకు "రేర్" అని పేరు పెట్టి అమ్మేవాళ్ళున్నారు, జాగ్రత్త.

మెర్ల్ అనే రంగు సంగతి వేరు. బూడిద మీద నల్ల ముద్దలు చల్లినట్టుండే రంగు, కోలీ జాతి కుక్కల్లో కనిపిస్తుంది. రెండు మెర్ల్ కుక్కలను కలిపి ఈత తీస్తే పిల్లలకు చెవుడు, గుడ్డితనం వచ్చే ప్రమాదం ఎక్కువ. బ్రిండిల్‌కు అలాంటి జబ్బేదీ అంటుకుని లేదు. ఆయన దగ్గరకు మెర్ల్ కుక్క వస్తే చెవి వెనక చప్పట్లు కొట్టి వినపడుతుందో లేదో చూస్తారు. వినపడని కుక్క నిద్రలో ఉండగా పనివాడు వెళ్ళి ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవొచ్చు కదా. రంగు గడి వల్ల ఇలాంటి పనులు కూడా జరుగుతాయని నేననుకోలేదు.

ఇక మిగతా విషయాలు. గదులు సిమెంటు నేల, పైన రేకు, రేకు మీద కొబ్బరి మట్టలు. ఏసీ లేదు, కూలర్లున్నాయి. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని దారి. అందుకని వెలుగు రాకముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి మాత్రమే నడకకు తీసుకెళ్తారు. మిట్టమధ్యాహ్నం ఎవరైనా కుక్కను వదలడానికి వస్తే ముందు మనిషికి చీవాట్లు, తర్వాత కుక్కకు నీళ్ళు.

తిండి రాగి సంగటి, ఉడకబెట్టిన కోడిమాంసం, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. మీరు డ్రై ఫుడ్ ఇస్తే అదే పెడతారు. మా టైగర్‌కు ఇంట్లో సంగటి పెడితే ముఖం తిప్పుకుంటుంది, అక్కడ గిన్నె నాకేస్తుందట. రోజుకు 600 రూపాయలు, తిండితో కలిపి. టౌన్లో వాళ్ళకంటే తక్కువే.

పేలు, గోమార్ల విషయంలో మంచి శ్రద్ధ. కుక్కలకు పట్టే గోమారి నుంచి ఎర్లీషియోసిస్ అనే టిక్ ఫీవర్ వస్తుంది, మా షాపుకొచ్చే కుక్కల చీటీల్లో డాక్సీసైక్లిన్ కనపడితే చాలావరకు దానికే. బ్రిండిల్ కుక్కకు నల్ల చారలో గోమారి ఉంటే కంటికి ఆనదు. ఆయన కళ్ళను నమ్ముకోరు, చెవి లోపల, కాలి వేళ్ళ సందుల్లో, మెడ పట్టీ కింద వేళ్ళతో తడిమి చూస్తారు. మొదటిసారి టైగర్ వెనక కాలి వేళ్ళ మధ్య నుంచి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు. ఇంట్లో రోజూ దువ్వేది నేనే, నాకు కనపడలేదు. రేబిస్ టీకా వేసి ఏడాది దాటితే లోపలికి రానివ్వరు. ఎంత బతిమాలినా, ఎవరి పేరు చెప్పినా అంతే.

మందుల పద్ధతి గురించి నేను కావాలనే పరీక్ష పెట్టాను. టైగర్‌కు ఒక విటమిన్ మాత్ర ఇచ్చి, కవర్ మీద ఏమీ రాయకుండా అందించాను. తీసుకోలేదు. కుక్క పేరు, రంగు, మందు పేరు, ఏ పూట అన్నీ కవర్ మీద నా చేత్తోనే రాయించుకున్నారు. పనిచేసే అబ్బాయి మాత్ర వేసే ముందు రిజిస్టర్ పేజీకి అంటించిన ఫోటో తీసి కుక్క పక్కన పెట్టి చూస్తాడు. మా షాపులో పనిచేసే పిల్లలకు ఆ అబ్బాయిని చూపించాలనిపించింది.

ఇప్పుడు కోసిన మార్కు సంగతి. ఫోన్ ఎత్తరు. వాట్సాప్‌లో రోజుకు ఒక ఫోటో పెడతామంటారు, పెడతారు, అది రాత్రి పదింటికి, అడ్డంగా, సగం బకెట్టు, సగం కుక్క. రాత్రిపూట డాక్టర్ దగ్గర్లో లేరు, అవసరమైతే తిరుపతికి బండిలో తీసుకురావాల్సిందే. ముసలి కుక్కలు, గుండె జబ్బున్న కుక్కలు ఉన్నవాళ్ళు ఇది ఆలోచించుకోవాలి. నవంబరు వానల్లో ఆ మట్టిదారి బురద గుంట, మా స్కూటీ రెండు చోట్ల దిగబడింది. ఇంకోటి, ఆయనకు ఒక నమ్మకం ఉంది. బ్రిండిల్ కుక్కలు మిగతావాటికంటే తెగువైనవి, కాపలాకు పెట్టిందే పేరు అంటారు. చారకూ ధైర్యానికీ లంకె లేదు. దీపావళి టపాకాయ పేలితే మా టైగర్ మంచం కింద దూరి మర్నాడు మధ్యాహ్నం దాకా బయటికి రాదు. ఆ మాట చెప్తే, "అది మీరు గారాబం చేసినందుకమ్మా" అన్నారు. రంగు గడి వరకు ఆయన మాట శిలాశాసనం, గుణం సంగతి వచ్చేసరికి నేను ఊకొట్టి ఊరుకుంటాను.

వెళ్ళేవాళ్ళు వ్యాక్సిన్ కార్డు ఒరిజినల్ తీసుకెళ్ళండి, జిరాక్సు ఒప్పుకోరు. కుక్క పడుకునే పాత దుప్పటి ఒకటి ఇస్తే తొందరగా సర్దుకుంటుంది. సంక్రాంతికైతే దసరా అప్పుడే చెప్పి ఉంచాలి, బ్రహ్మోత్సవాల సమయంలో కూడా గదులు దొరకవు. పిల్లులను తీసుకోరు. మళ్ళీ తెచ్చుకోవడానికి సాయంత్రం ఆరు లోపల వెళ్ళండి. ఆ తర్వాత గేటు తీయరు, పైగా మామిడితోట మలుపు దగ్గర వీధి దీపం లేదు.